గడప పేరుతో వెలసిన ఇళ్ళు



ఈ నెల మిమ్మల్ని కుటుంబ సమేతంగా ఒక నడకకు ఆహ్వానిస్తున్నాము. దీనికి గైడు అక్కరలేదు. పిల్లల చెయ్యి పట్టుకొని, నీళ్ళ సీసా వెంట ఉంచుకొని, హైదరాబాదు పాతబస్తీలోని పాత ఇళ్ళను చూసి రావడమే ఉద్దేశం. దారిలో చూడవలసిన రెండు ప్రదర్శనశాలలకు శుక్రవారం సెలవు కనుక మరో రోజును ఎంచుకోండి. నవాబుల వైభవానికి ఆశ్చర్యపోవడానికి కాదు, ఇల్లు అనేదాన్ని మన పెద్దలు ఏ ఆలోచనతో కట్టుకున్నారో గ్రహించడానికి ఈ నడక.

సంతోష్‌నగర్‌లోని పిసల్‌బండ వద్ద, పైగా వంశీయుల సమాధుల ప్రాంగణం నుంచి బయలుదేరుదాం. ఇళ్ళను చూడబోతూ సమాధుల వద్ద మొదలుపెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. మనం తరువాత చూడబోయే ఒక గొప్ప భవంతి యజమాని ఈ వంశంవాడే. రెండవ నిజాం కాలంలో పేరుపొందిన అబుల్ ఫతహ్ ఖాన్ తేగ్ జంగ్ మొదలుకొని, హజ్రత్ ఉమర్ (రజి) సంతతివారమని చెప్పుకొన్న ఈ అమీర్లు తరతరాలుగా ఇక్కడే విశ్రమిస్తున్నారు. ఎన్ని మహళ్ళు కట్టినవారైనా చివరకు చేరవలసిన ఇల్లు ఇదేనన్న ఎరుకతో నడక మొదలవడం మంచిదే. వారికి సలాం పలికి, గోడల మీది సున్నపు పనిని దగ్గరగా చూడండి. గాలినీ వెలుతురునూ రానిచ్చే జాలీలలో ఎన్నెన్ని అల్లికలున్నాయో పిల్లలను లెక్కపెట్టమనండి. ఇదే సున్నం, ఇదే పనితనం పాతబస్తీ ఇళ్ళ గోడలలోనూ కనిపిస్తుంది.

అక్కడి నుంచి ఆటోలో దారుషిఫా దగ్గరి పురానీ హవేలీకి చేరుకోండి. రెండవ నిజాం మీర్ నిజాం అలీ ఖాన్ దీనిని రుక్నుద్దౌలా నుంచి పొందాడు. మూడవ నిజాం సికందర్ జా ఇక్కడ కొంతకాలం ఉండి ఖిల్వత్‌కు నివాసం మార్చుకోవడంతో దీనికి ‘పాత హవేలీ’ అన్న పేరు స్థిరపడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం ఏర్పరచిన పొడవాటి చెక్క అల్మారాల శాల, చేతితో తిప్పే లిఫ్టు ఇక్కడ ఉన్నాయి. 2000లో ప్రారంభమైన నిజాం మ్యూజియం కూడా ఈ ఆవరణలోనిదే.

ఇక చార్మినార్ మీదుగా ఖిల్వత్‌కు కాలినడకన వెళ్ళండి. అక్కడి చౌమహల్లా 18వ శతాబ్దపు నడుమ మొదలై, అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళ వల్ల ఆ పేరు వచ్చింది. శ్రద్ధగా సాగిన పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. ఆ మహళ్ళ నడుమనున్న విశాలమైన ఆవరణలో కాసేపు ఆగండి. తలుపులన్నీ లోపలి ఆవరణవైపు తెరుచుకొని, వీధివైపు గోడ మూసుకొని ఉండడమే ఈ కట్టడాల మూలసూత్రం.

చివరి మజిలీ హుస్సేనీ ఆలం. పైగా అమీర్ ఖుర్షీద్ జా దేవిడీ అక్కడ ఉంది. ముందుభాగంలో ఐరోపా శైలి ఎత్తైన స్తంభాలు కనిపిస్తాయి. ఎన్నో ఏళ్ళ నిర్లక్ష్యంతో ఎంత గంభీరమైన కట్టడమైనా ఎలా కృశిస్తుందో చెప్పడానికి ఈ భవంతి చాలు.

‘దేవిడీ’ అన్న మాటకు అసలు అర్థం గడప, ప్రవేశద్వారం. గొప్పవారి ఇల్లంతటికీ దాని గడప పేరే పెట్టారంటే, ఆ సంస్కృతిలో గడపకు ఎంత విలువ ఉందో ఊహించండి. బయటివారికి మర్దానా, దీవాన్‌ఖానా, ఇంటి స్త్రీలకు జనానా, నడుమ ఆకాశం కనిపించే సహన్, చుట్టూ దాలాన్లు. అతిథికి ఆదరణ, ఇంటివారికి మరుగు. ఒకటి మరొకదానికి అడ్డు రాకుండా చూడడమే ఆ కట్టుబడిలోని నేర్పు. ఇతరుల ఇంట్లోకి అనుమతి కోరకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదన్న సూరతున్నూర్ ఆదేశం ఇక్కడ ఇటుకలోనూ సున్నంలోనూ రూపుదాల్చింది. ఈ అమరికలో శరీరసుఖమూ ఉంది. మందపాటి గోడలు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి. సహన్‌లోని వేడిగాలి పైకి పోతే రాత్రి చల్లదనం గదులలోకి దిగుతుంది.

దారి పొడవునా గల్లీలలో సామాన్యుల పాత ఇళ్ళు కూడా కనిపిస్తాయి. చెక్కడపు తలుపులు, వీధి అరుగులు, కమానులు చూడండి. అయితే అవి ప్రదర్శనశాలలు కావు, కుటుంబాలు కాపురముంటున్న ఇళ్ళు. తెరిచిన తలుపులోంచి తొంగిచూడవద్దు. అడగకుండా ఫొటోలు తీయవద్దు. పిల్లలకు ఈ నడకలో దక్కే మొదటి పాఠం ఇదే కావాలి.

ఈ ఇళ్ళు ఎందుకు కనుమరుగవుతున్నాయి? నిజాముల దఫ్తర్లను వంశపారంపర్యంగా నిర్వహించిన కాయస్థ కుటుంబం 1845లో కట్టుకొన్న మాల్వాలా ప్యాలెస్, వారసత్వ కట్టడాల జాబితాలో ఉండి కూడా 2000లో నేలమట్టమైంది. అలాంటి గతే పట్టవలసిన ఫక్రుల్‌ముల్క్ భవనం ఇర్రం మంజిల్‌ను, దాని కూల్చివేతకు తీసుకున్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో రద్దు చేసి హైకోర్టు కాపాడింది. పెద్ద భవనాలకు వాదించేవారు దొరుకుతారు. గల్లీలోని తాతగారి ఇంటికి ఎవరు వాదిస్తారు? అది ఎక్కువగా కూలేది ప్రభుత్వ నిర్ణయంతో కాదు, పంపకంతో. సహన్ నడుమ గోడ లేచిన రోజున ఇంటికి ఊపిరి ఆగిపోతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. వారసుల హక్కు హక్కే. ‘తాతగారి ఇల్లు చెక్కుచెదరకూడదు’ అన్న పేరుతో అక్కచెల్లెళ్ళ వాటాను ఎగవేయడం వారసత్వ రక్షణ కాదు, అన్యాయం. ఇల్లు నిలవాలని నిజంగా కోరేవారు తోబుట్టువుల వాటాలకు న్యాయమైన వెల కట్టి చెల్లించాలి. లేదా అందరూ సమ్మతించి, ఇల్లు అద్దెకిచ్చి, రాబడిని వాటాల ప్రకారం పంచుకోవాలి. ఏ దారీ కుదరక అమ్మవలసి వస్తే, కనీసం ముందుగా గదుల కొలతలు తీసి, ఫొటోలు దిగి, పాత దస్తావేజులు భద్రపరచి, ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దల నోట దాని కథ రాసి ఉంచండి.

అలాంటి ఇంట్లోనే నివసిస్తున్నవారికి రెండు సూచనలు. సున్నపు గోడకు సిమెంటు పూత వేయించవద్దు. తేమ బయటికి పోయే దారి లేక లోపలి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. పిట్టగోడ మీద మొలిచే రావి మొక్కను చిన్నప్పుడే వేరుతో సహా తీయించండి. అది చెట్టయితే గోడను చీల్చివేస్తుంది.

నడక ముగించి ఇంటికి చేరాక, మీ ఇంటి గడపను కూడా ఒకసారి పరికించండి. అపార్టుమెంటు అయినా సరే. వచ్చిన అతిథికి కూర్చునే చోటుందా? ఇంటి ఆడవారికి నిశ్చింతగా మసలే మరుగుందా? పక్కింటివారిని పలకరించే అవకాశముందా? ఇవి పాత ఇళ్ళు మనల్ని అడుగుతున్న ప్రశ్నలు. వీటికి జవాబిచ్చుకోవడానికి నవాబుల సంపద అవసరం లేదు.