అగాధజలచరాలపై అపవాదు

భీమ్‌గల్‌లో ఇటీవల విద్యార్థుల కొరకు ఏర్పాటైన ఒక సభలో, ముఖ్య అతిథిగా విచ్చేసిన ఒక పెద్దమనిషి తెరమీద నల్లని గాలపుచేప బొమ్మ నొకదానిని చూపించి, "ఇది సముద్రపు రాక్షసి, దీని మగడు ఇల్లరికపు అల్లుని కంటె అధముడు, పెండ్లాము ఒంటికి అతుక్కొని ఆమె నెత్తురుతో బ్రతుకుతాడు" అని సెలవిచ్చి, సభ యావత్తు గొల్లున నవ్వగా, విజ్ఞానమును ప్రజల ముంగిటికి చేర్చితినన్న తృప్తితో శాలువ కప్పించుకొని వెళ్ళిపోయినారు. ఒక్క పెద్దమనిషి మాటయే అయితే ఉపేక్షింపవచ్చును. కాని పత్రికల ఆదివారపు అనుబంధాలు మొదలు ఫోనులో తిరిగే వీడియోల వరకు, గాలపుచేప అనగానే రాక్షసి, పిశాచము, వికృతసృష్టి అన్న మూడు మాటలు తప్ప నాలుగవ మాట పుట్టని దుర్దశ దాపురించినది. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో చిత్రములో పిల్లలను హడలగొట్టిన నాటినుండి ఆ చేపకు ఈ లోకములో నిష్కృతి లేకపోయినది.

ఈ రాక్షసి పొడవెంతయో ఈ వక్తలలో ఒక్కడైన చెప్పిన పాపాన పోలేదు. పటములలో తరచుగా దర్శనమిచ్చే మెలనోసీటస్ జాన్సోనై అను జాతిలో ఆడచేప పెరిగి పెరిగి జానెడు మించదు. దాని మగచేప మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అగాధజలాల గాలపుచేపల వర్గములోని 160కి పైగా జాతులలో మిక్కిలి పెద్దదైన సెరాటియస్ హోల్బోలీ ఆడది మాత్రము మీటరు పైబడును. బోధనే ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది అక్కడనే యనియు చెప్పుకొనే నిజామాబాదు జిల్లావాళ్ళము మనము. రోజుకొక బండెడు అన్నమును, బండితోపాటు మనిషిని దిగమ్రింగిన వానిని రాక్షసుడన్న నోటితో, రోజుల తరబడి ఆహారము దొరకక చీకటిలో కదలక మెదలక కాచుకొని యుండే జానెడు చేపను కూడ రాక్షసి యనుట బకాసురునికే అవమానము.

ఇక వికృతరూప మన్న నింద. ఏటేటా కార్తికమాసములో లింబాద్రి గుట్ట జాతరకు పిల్లాపాపలతో ఎక్కిపోయి నరసింహస్వామికి మ్రొక్కులు చెల్లించే ఊరిలో నిలబడి ఈ మాట అనుటకు ఎంత సాహసము కావలెను! సింహముఖము, కోరలు, గోళ్ళు, గోళ్ళకు నెత్తురు: ఆ రూపమునకు మనము ఎందుకు మ్రొక్కుచున్నాము? మనిషి చేత గాని మృగము చేత గాని, ఇంట గాని బయట గాని, పగలు గాని రాత్రి గాని, నేలమీద గాని నింగిలో గాని చావు లేకుండ హిరణ్యకశిపుడు వరము పుచ్చుకొనగా, ఆ షరతుల నన్నిటిని ఒక్కుమ్మడి తీర్చగల రూపము అదొక్కటే గనుక. గడప మీద, సంధ్యవేళ, తొడపైన, గోళ్ళతో! కథ విన్న పసివానికైన ఆ రూపము షరతులకు సమాధానమని తెలియును. ఆ తెలివిని గుట్ట దిగగానే గుట్టమీదనే వదలివేసి, చేప దగ్గరకు వచ్చుసరికి "ఛీ, ఎంత వికారము" అనుట ఏమి న్యాయము?

సముద్రము పెట్టిన షరతులు చూడుడు. వెయ్యి మీటర్ల దిగువకు సూర్యకాంతి చొరదు. నీరు మంచువలె చల్లన. మీద నూరు వాతావరణముల ఒత్తిడి. ఆహారము బహు అరుదు. అట్టిచోట ఈదుచు వేటాడుట శక్తి దండుగ గనుక, ఆడచేప వెన్నుముల్లులలో మొదటిది ముందుకు సాగి గాలపుకర్ర అయినది. దాని కొసనున్న బుడిపెలో వెలుగునిచ్చు సూక్ష్మజీవులు కాపురమున్నవి. దొరికినది ఎంత పెద్దదైనా విడువరాదు గనుక నోరు పెద్దది, పొట్ట సాగునది. తన దీపపు వెలుతురులో తానే బయటపడరాదు గనుక చర్మము కాటుక నలుపు; ఈ వర్గములోనివే అయిన ఒనైరోడెస్ చేపల చర్మము తనమీద పడిన వెలుతురులో 99.5 శాతమునకు పైగా మ్రింగివేయునని 2020లో కొలిచి చూచినారు. ఇందులో వికారమెక్కడ? ఒక్కటైన అనవసరపు అంగము చూపుడు!

ఆ ఇల్లరికపు పరిహాసమునకు వత్తును; నా కడుపుమంట అంతయు దానిమీదనే. 1845లో డెన్మార్కు శాస్త్రవేత్త క్రోయర్ సెరాటియస్ హోల్బోలీకి పేరు పెట్టిన తరువాత చాలకాలము దాని మగచేప ఏదో ఎవరికిని తెలియలేదు. 1922లో ఐస్‌లాండు పండితుడు సేముండ్సన్ ఒక ఆడచేప పొట్టకు రెండు చిన్న చేపలు అతుక్కొనియుండుట చూచి, పిల్లలని భావించినాడు. 1925లో లండనులో టేట్ రీగన్ అట్టిదానిని కోసి చూచి, అది పిల్ల కాదు, మగడని తేల్చినాడు. అంతులేని చీకటిలో తోడు ఒక్కసారి తప్పిపోతే మరల దొరకదు. అందుచేత సెరాటియస్ కుటుంబపు మగచేప, గిన్నెలవంటి పెద్దకళ్ళతో వెదకి పట్టి, కరచి పట్టుకొని, చర్మముతో చర్మము, నెత్తుటితో నెత్తురు కలిపివేయును. అతుకుకొనని మగచేపకు గాని, మగచేప దొరకని ఆడచేపకు గాని ఈ కుటుంబములో యౌవనమే రాదు. పరాన్నభుక్కు ఎవడు? అటువంటి కలయిక లేనిదే ఇద్దరికిని సంతానము లేనప్పుడు, ఒకడు తిని ఒకతె పెట్టినదన్న లెక్క ఎక్కడినుండి వచ్చినది? పైగా వర్గమంతటికి ఇది ఆచారము కాదు. ఆ పెద్దమనిషి తెరమీద చూపిన మెలనోసీటస్ మగడు కొంతసేపు పట్టుకొని విడిచిపోవువాడే! కాలక్షేపపు పరిహాసమునకు బొమ్మ యొకరిది, నింద మరియొకరిది.

ఆ కలయికలో అసలు అద్భుతము పరిహాసకుల కంట పడలేదు. ఒకరి మూత్రపిండమును మరొకరికి అమర్చిన యెడల దేహము దానిని శత్రువుగా నెంచి తరిమివేయునని నిజామాబాదు ఆసుపత్రుల వరండాలలో కూర్చున్న రోగి బంధువులకు సైతము తెలియును. ఆ తిరస్కారమును అణచుటకే జీవితాంతము మందులు. ఈ మగచేప మొత్తముగా వచ్చి అతుకుకొనిన ఆడచేప దానిని తిరస్కరింపదేమి? శాశ్వతముగా కలిసిపోవు జాతులలో మన వంటి ప్రాణులన్నిటికి ఆధారమైన రోగనిరోధక జన్యువులే లుప్తమైనవని 2020లో సైన్స్ పత్రికలో వెల్లడియైనది. ఆ జన్యువులు లేకుండ ఈ చేపలు ఎట్లు బ్రతుకుచున్నవో అడుగవలసిన సభలో అల్లుళ్ళమీద ఛలోక్తులు!

నవ్వినవారికి తోడు ఏడ్చినవారు మరొక తెగ. 2025 జనవరిలో కెనరీ ద్వీపాలలోని టెనెరిఫె దగ్గర మెలనోసీటస్ ఒకటి నీటి పైభాగమున కనబడి కొన్ని గంటలలో చనిపోగా, జీవితములో ఒక్కసారి సూర్యుని చూచుటకు పైకి వచ్చినదని లోకమంతయు కన్నీరు కార్చినది. చావవచ్చిన చేపకు సూర్యదర్శనకాంక్ష అంటగట్టుట రాక్షసత్వము అంటగట్టుట కంటె ఏమి మేలు?

మృగశిర కార్తె నాడు మా అంగడిలో చూడుడు: ప్లాస్టికు తొట్టిలో నాలుగు వేళ్ళ నీటిలో కొర్రమట్టలు ఒకదానిమీద ఒకటి పడి, నిమిషనిమిషమునకు మూతి పైకెత్తి గాలి మ్రింగుచుండును. చేప గాలి పీల్చుట కంటె వైపరీత్యమేమున్నది? చెరువెండి బురదయైనపుడు దానికి అదే ప్రాణాధారము. దానిని ఎవ్వడును పిశాచమనడు. ధర అడిగి, కోయించుకొని పోవును.

సముద్రము లేని జిల్లాకు ఈ గోల ఎందుకని అడుగువారికి ఒక్క మాట: సముద్ర సమాచారమునకు దేశమంతటికి కేంద్రమైన ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులో; 1890లో ఆల్కాక్ అను ఓడవైద్యుడు కొత్త గాలపుచేపను వర్ణించినది మన బంగాళాఖాతము నుండి; ముగ్గురు మనుషులను ఆరువేల మీటర్ల లోతునకు దింపు మత్స్య 6000 జలాంతర్వాహిని తయారగుచున్నది మన పన్నులతో.

మరి ఏమి చేయవలెనందురా? పాఠము మార్చవలెను, బొమ్మలు మార్చవలెను. ఎవరు, ఎప్పుడు అన్నది పెద్దలు ఆలోచింతురు గాక. నాకు తోచినది ఒక్కటే. చేపబొమ్మ తెరమీద పెట్టినవాడు ముందు దాని పొడవు చెప్పి, అది ఎంత లోతున ఉండునో చెప్పి, ఆ లోతున బ్రతుకుటకు ఏమేమి కావలెనో పిల్లల నడుగవలెను. అటుపిమ్మట రాక్షసి యనదలచినచో అనవచ్చును, పిల్లలు అననిస్తే!