అర్థశాస్త్రంపై చిన్నచూపు తగదు: లెక్కలు మాత్రం వదలరాదు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే పల్లెల్లో రచ్చబండల దగ్గర, టీ బంకుల దగ్గర ఒకటే ప్రశ్న: "మీవాడు ఏ గ్రూపు?" ఎం.పి.సి. అంటే ఇంజనీరు అన్నమాట. బై.పి.సి. అంటే డాక్టరు అన్నమాట. సి.ఇ.సి. అనో, హెచ్.ఇ.సి. అనో చెబితే మాత్రం "అయ్యో, మార్కులు రాలేదా?" అని జాలి పడేవారే ఎక్కువ. ఎకనామిక్స్ అంటే ఇంకెక్కడా సీటు రానివారి చదువన్న అభిప్రాయం గ్రామాల్లో అంతగా పాతుకుపోయింది.

ఈ అభిప్రాయం సరైంది కాదు. అయితే ఇందుకు తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. అర్థశాస్త్రాన్ని ఏ సబ్జెక్టు తోడుగా చదవాలో, ఎంతవరకు చదవాలో చెప్పేవారు పల్లెల్లో కరువయ్యారు. అందువల్ల కొందరు ఆ చదువును ముట్టుకోవడం లేదు. చదివినవారిలో పలువురు సగంలో ఆపి, పట్టా పెట్టెలో పెట్టుకొని కూర్చుంటున్నారు.

పెరటి చెట్టు మందు

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లుంది ఈ వ్యవహారం. రైతు బిడ్డకు అర్థశాస్త్రం పుస్తకంతో మొదలయ్యేది కాదు. మిర్చి విరగపండిన ఏడాది గుంటూరు యార్డులో ధర ఎందుకు దిగజారుతుంది? బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతు అంత వడ్డీకి ఎందుకు తెస్తాడు? కోల్డు స్టోరేజిలో సరుకు దాచుకోగలిగినవాడికి, కళ్లంలోనే అమ్ముకోక తప్పనివాడికి తేడా ఎక్కడ వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికేదే ఆ శాస్త్రం.

మద్దతు ధర సంగతే చూడవచ్చు. 2025-26కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు రూ.2,369 ప్రకటించింది. ఆ అంకెకు ఆధారం 1965లో ఏర్పడి, ఇప్పుడు వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్‌గా పిలవబడుతున్న సంస్థ సిఫారసు. దాని తొలి అధ్యక్షుడు ఎం.ఎల్. దంత్వాలా అర్థశాస్త్ర ఆచార్యుడే. విత్తనం, ఎరువు, కూలి, డీజిలు వంటి చేతి ఖర్చులను వారి లెక్కలో 'ఏ2' అంటారు. ఇంటిల్లిపాది పొలంలో చేసిన పనికి విలువ కట్టి దానికి కలిపితే అది రెండో లెక్క. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కట్టి కలిపితే 'సి2' అనే మూడో లెక్క. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తామని 2018 బడ్జెట్లో ప్రకటించిన కేంద్రం రెండో లెక్కను పట్టుకుంది. రైతు సంఘాలు మూడోది కావాలంటున్నాయి. ఈ రెండింటి నడుమ తేడా క్వింటాలుకు వందల రూపాయలు. ఆ తేడాను కాగితం మీద వేసి చూపగల యువకుడో యువతో ఊరికొకరుంటే రైతు మాటకు బలం రాదా?

చదివినవారు లేకపోలేదు

ఈ జిల్లా నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత దేశానికే రైతు నాయకుడయ్యారు. డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ నిర్మాతగా అందరికీ తెలుసు. ఆయన అమెరికాలోని కొలంబియాలోనూ, లండన్‌లోనూ డాక్టరేట్లు పొందింది అర్థశాస్త్రంలోనే. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు.

ఈ శాస్త్రానికి పల్లెలే ప్రయోగశాలలు కూడా. పొరుగున తెలంగాణలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో ఇంటింటి ఆదాయ వ్యయాలు రాయించడం ప్రారంభించింది. ఆ మెట్ట గ్రామాల లెక్కలను ఇతర దేశాల ఆర్థికవేత్తలు సైతం పరిశోధనలకు వాడుకున్నారు.

ఉద్యోగాల మాట

డిగ్రీతోనే రాయదగిన పరీక్షలు బ్యాంకు ఆఫీసర్లు, క్లర్కులవి. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల్లో ఆర్థిక వ్యవస్థ ముఖ్య భాగం కనుక ఈ సబ్జెక్టు చదివినవారికి కొంత భారం తగ్గుతుంది. నాబార్డు పరీక్షలోనూ అంతే. బి.ఇడి. చేసి సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయ పోస్టులకు వెళ్లదలచినవారు డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉండాలో డి.ఎస్.సి. నియమాలు ముందే చూసుకోవాలి. చేరిన తర్వాత విచారిస్తే ప్రయోజనం ఉండదు.

ఎం.ఏ. చేస్తే దారులు పెరుగుతాయి. జూనియర్ లెక్చరరు పోస్టుకు ఎం.ఏ. కావాలి. డిగ్రీ కళాశాలలో బోధించాలంటే 55 శాతం మార్కులతో పాటు నెట్ గాని, సెట్ గాని, పిహెచ్.డి. గాని ఉండాలి. 1961లో ఏర్పాటైన ఇండియన్ ఎకనామిక్ సర్వీసు ఉంది. ఐ.ఎ.ఎస్. పరీక్ష జరిపే యు.పి.ఎస్.సి.యే దీని పరీక్షా జరుపుతుంది. రిజర్వు బ్యాంకు తన ఆర్థిక పరిశోధన విభాగానికి ప్రత్యేకంగా ఎం.ఏ. వారిని తీసుకుంటుంది. వీటిలో ఖాళీలు ఏటా కొద్దిగానే ఉంటాయి, పోటీ గట్టిది. ప్రైవేటులో బీమా, మార్కెట్ పరిశోధన, గణాంకాల విశ్లేషణ సంస్థలున్నాయి. అక్కడ పట్టాతో పాటు కంప్యూటరు మీద లెక్కలు చేయగల నేర్పు కూడా అడుగుతారు.

అసలు మెలిక

ఇక్కడే అసలు మెలిక ఉంది. పెద్ద చదువుకు వెళ్లేసరికి అర్థశాస్త్రం సగానికి సగం గణితమే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ ఎకనామిక్స్‌లో చేరాలంటే ఇంటర్ స్థాయిలో లెక్కలు చదివి ఉండాలి. పేరున్న ఎం.ఏ. కోర్సుల్లో కలనగణితం, గణాంకశాస్త్రం లేనిదే అడుగు పడదు. ఇంటర్లో లెక్కలు వదిలిన విద్యార్థికి ఈ తలుపులు చాలావరకు పదహారో ఏటనే మూసుకుపోతున్నాయి. ఆ సంగతి అతనికి తెలిసేది ఇరవయ్యో ఏట.

మందు లేకపోలేదు. లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ కలిసిన ఎం.ఇ.సి. గ్రూపు ఇందుకోసమే ఉంది. కాని గ్రామీణ ప్రాంతాల్లోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చాలాచోట్ల ఆ గ్రూపు కనిపించదు. అది కావాలంటే పట్నంలో ప్రైవేటు కళాశాలకు ఫీజు, హాస్టలు ఖర్చు కట్టాలి. మగపిల్లవాడినైతే అప్పోసప్పో చేసి పంపుతారు. ఆడపిల్లను ఊరి బస్సుకు అందే కళాశాలలోనే, ఉన్న గ్రూపులోనే చేర్పిస్తారు. ఆ పిల్లకు లెక్కల్లో నూటికి తొంభై వచ్చినా సరే.

డిగ్రీలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. పద్ధతి ఏదైనా, ఎకనామిక్స్ పక్కన గణితమో, గణాంకశాస్త్రమో ఉండేట్టు చూసుకోవడం ఉత్తమం. ఎకనామిక్స్, లెక్కలు, స్టాటిస్టిక్స్ కలిసి దొరికిన చోట వదులుకోరాదు.

చేయవలసింది

ఇంటర్ విద్యాధికారులు మండలానికి ఒక్క ప్రభుత్వ కళాశాలలోనైనా ఎం.ఇ.సి. ప్రారంభించాలి. లెక్కల లెక్చరరు ఎం.పి.సి. కోసం ఎలాగూ ఉంటారు. ఎకనామిక్స్, కామర్స్ లెక్చరర్లు సి.ఇ.సి. కోసం ఉంటారు. వారి పాఠాలను ఒక గ్రూపుగా కలపడానికి కొత్త భవనాలు అక్కరలేదు, టైంటేబులు చాలు. ప్రధానోపాధ్యాయులు పదో తరగతి చివర్లోనే పిల్లలకు ఈ గ్రూపు గురించి చెప్పాలి.

తల్లిదండ్రులు కూడా గొర్రెదాటు మానాలి. ఇష్టంలేని ఇంజనీరింగుకు ఎకరం అమ్మే ముందు, లెక్కల మీద, లోకవ్యవహారం మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ దారి ఉందని గుర్తించాలి. ఇది తేలికైన దారి కాదు. ఎం.ఏ. దాకా అయిదేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపికకు తగ్గ పునాది వేయవలసింది మాత్రం ఇంటర్లో చేరే రోజునే.