కాలేజీ ఆటగాళ్లకు కోట్ల డాలర్లు.. గాయమైతే బిల్లు ఎవరిది?

అమెరికా కాలేజీ క్రీడాకారులకు ఇప్పుడు యూనివర్సిటీలే నేరుగా డబ్బులిస్తున్నాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన 'హౌస్' సెటిల్‌మెంట్‌తో మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచుకునే వీలు దొరికింది. మరి ఆటలో మోకాలు దెబ్బతింటే ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలి?

ఆట గాయాలకు బీమా ఉండి తీరాలన్నది ఎన్‌సీఏఏ రూల్. కానీ అది కాలేజీ బీమానే కానక్కర్లేదు. చాలాచోట్ల ముందు తల్లిదండ్రుల పాలసీ నుంచి కట్టిస్తారు.. మిగిలిందే కాలేజీ చూసుకుంటుంది. పక్షవాతం లాంటి పెను గాయాలకు ఎన్‌సీఏఏ విడిగా బీమా ఇస్తోంది. 2024 ఆగస్టు నుంచి కాలేజీ వదిలాక కూడా రెండేళ్ల పాటు ఆట గాయాలకు కవరేజీ ఉంది. మంచిదే. కానీ కొన్ని మోకాళ్ల నొప్పులు పదేళ్ల తర్వాత బయటపడతాయి. అప్పుడెవరు దిక్కు?

అసలు చిక్కు వేరే ఉంది. ఆటగాడు 'ఉద్యోగి' కాదు కాబట్టి, కార్మికుడికి దక్కే గాయాల పరిహారం ఇతనికి దక్కదు. 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ కెంట్ వాల్డ్రెప్ పక్షవాతానికి గురయ్యారు. పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2000లో టెక్సస్ కోర్టు ఆయన ఉద్యోగి కాదని తేల్చేసింది.

డబ్బు వచ్చింది.. ఆ హోదా మాత్రం రాలేదు. అక్కడ పిల్లల్ని కాలేజీ టీముల్లో చేర్పించే మన తెలుగువాళ్లూ సంతకం చేసే ముందు అడగాల్సినవి మూడే: ముందు కట్టేది ఎవరి బీమా? మన జేబులోంచి పోయేదెంత? చదువయ్యాక ఎన్నాళ్లు?