బోర్డు మీరే గీయండి

రోబో పోటీలకు వెళ్ళే జట్లకు పెద్దలు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది: "సర్క్యూట్ బోర్డు మీరెందుకు తయారుచేయడం? బజారులో అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి కదా!" ఈ మాట నాకు నచ్చదు. రోబో అనగానే మరమనిషిని ఊహించుకోకండి సుమా! నేను చెప్పేది నేలమీది నల్లగీతను పట్టుకుని పోయే రెండు చక్రాల బండి సంగతి.

మొదటి బండికి రెడీమేడ్ బోర్డులే మేలు. చవక, వెంటనే పనిచేస్తాయి. కాని వాటి మధ్య ఇరవై ముప్పై తీగలు వేలాడుతుంటాయి. గతుకు మీద బండి ఎగిరిందా, ఏదో ఒక తీగ ఊడుతుంది. ఏది ఊడిందో తెలియక మీరు ప్రోగ్రామును తిట్టుకుంటూ కూర్చుంటారు. అందుకే రెండో బండికైనా సొంత బోర్డు ఉండాలంటాను. తీగలు ఊడవన్నది చిన్న లాభమే. పెద్ద లాభం వేరే ఉంది.

పదో తరగతిలో ఓమ్ నియమం చదువుతారు, లెక్కలు చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ నియమమే మీ బండిని ఎలా దారి తప్పిస్తుందో చూడండి. బోర్డు మీది రాగి పొర మందం సాధారణంగా 35 మైక్రాన్లు. దాని మీద 0.25 మి.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు గల దారి గీశారనుకోండి. రాగి విశిష్ట నిరోధాన్ని పొడవుతో గుణించి, మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగించండి. సుమారు 0.2 ఓములు వస్తుంది. "ఇంతేనా?" అంటారు. రెండు మోటార్లూ కలిసి 1 ఆంపియరు తీసుకుంటే ఆ దారిలోనే 0.2 వోల్టు పోతుంది! అది బ్యాటరీకి తిరిగివచ్చే గ్రౌండు దారి అయి, సెన్సర్లు కూడా దానికే కలిసి ఉంటే, మోటార్లు తిరిగినప్పుడల్లా సెన్సర్ల సున్నా పైకి లేస్తుంది. గీత అంచున ఉన్న సెన్సరుకు నలుపేదో తెలుపేదో తికమక. దారిని 2.5 మి.మీ. వెడల్పు చేయండి. మోటార్ల గ్రౌండును, సెన్సర్ల గ్రౌండును విడివిడిగా తెచ్చి బ్యాటరీ దగ్గర కలపండి. బెడద చాలావరకు వదులుతుంది.

చాలా జట్లు వాడే ఎల్293డి అనే ఐ.సి.ని తీసుకోండి. పదహారు కాళ్ళలో నడిమి నాలుగూ, అంటే 4, 5, 12, 13, గ్రౌండువే. నాలుగెందుకు? వేడి వాటిగుండానే బోర్డు రాగిలోకి దిగుతుంది కనుక. ఆ కాళ్ళ చుట్టూ రాగిని విశాలంగా వదలాలి. రెడీమేడ్ బోర్డు కొన్నవారికి ఈ ప్రశ్నే తట్టదు.

ఇక నన్ను నిజంగా బాధించే సంగతి. కొన్ని జట్లలో బోర్డును డబ్బు పుచ్చుకునే శిక్షకుడే గీసిపెడతాడు. అబ్బాయిలు టంకం వేస్తారు. అమ్మాయిలకు చార్టులు రాసే పని! "ఈ కెపాసిటరు ఇక్కడెందుకు?" అని న్యాయనిర్ణేత అడిగితే అందరూ శిక్షకుడి ముఖం చూస్తారు. అటువంటి జట్టు కప్పు గెలిస్తే అది ఎవరిదనుకోవాలి?

ఖర్చుకు భయపడకండి. 1992లో ఫ్రాన్సులో జాఁ-పియర్ షారా మొదలుపెట్టిన కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కంప్యూటరు అందకపోతే గళ్ళ కాగితం చాలు. ఐ.సి. కాళ్ళ మధ్య దూరం 2.54 మి.మీ. కనుక ఒక్కో గడిని అంతే అనుకుని గీయండి. బోర్డును ఫెర్రిక్ క్లోరైడుతో మీరే కరిగించదలిస్తే మాస్టారి ఎదుటే, చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి. మిగిలిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలువలో పోయకండి.

తయారీకి పంపేముందు బొమ్మను అసలు కొలతలో కాగితం మీద అచ్చు తీసి, అట్టకు అంటించి, భాగాల కాళ్ళను గుచ్చి చూడండి. కింది వైపు నుంచి చూస్తే కాళ్ళ వరుస తిరగబడుతుంది. ఆ సంగతి మరచి గీసిన బోర్డుకు ఐ.సి.ని బోర్లా పడుకోబెట్టవలసి వస్తుంది!