కాలిన కంటికి కణాలు పక్క కంట్లోనే

దెబ్బతిన్న కణజాలాన్ని మళ్లీ మొలిపించే పరిశోధన అనగానే మన చూపు విదేశాల మీదికి పోతుంది. జపాన్‌లోని క్యోటోలో పళ్లు మొలిపించే మందును 2024లో మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టారని మన దగ్గరా బాగానే చెప్పుకున్నారు. ఇదే రంగంలో ఇప్పటికే రోగులకు చూపు తెచ్చిపెట్టిన చికిత్స ఒకటి హైదరాబాద్‌లో పుట్టింది. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి జిల్లాలకు పళ్ల మందుకన్నా దానితోనే ఎక్కువ పని, ఎందుకంటే అక్కడి పిల్లల కళ్లకు సున్నంతో ముప్పు ఉంది.

తంబాకులో కలిపే సున్నం ప్యాకెట్ ఇంట్లో ఏ గూట్లోనో పడి ఉంటుంది. పిల్లలు ఆడుతూ నొక్కితే చిట్లి కంట్లో చిమ్ముతుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు కాలిపోతుంది. నల్లగుడ్డును కప్పి ఉండే కార్నియా పైపొర అరిగినప్పుడల్లా కొత్త పొరనిచ్చే మూలకణాలు ఉండేది ఆ అంచులోనే. అవి చచ్చిపోతే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. దీన్నే ఊళ్లో కంట్లో పువ్వేసిందంటారు. అలాంటి కంటికి దాత కార్నియా పెట్టినా నిలవదు, దాని పైపొరను కాపాడే కణాలు లేవు కాబట్టి.

హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి బాగున్న కంటి కణాలను ల్యాబ్‌లో పెంచి కాలిన కంటికి అతికించేవారు. దానికి రోజులూ పట్టేవి, ఖరీదైన ల్యాబూ కావలసి వచ్చేది. అక్కడి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ఆ ల్యాబ్ అవసరమే లేకుండా చేసింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది తునకలు చేస్తారు. కాన్పులో వచ్చిన మాయ నుంచి తీసి శుద్ధి చేసిన పొరను కాలిన కంటిపై పరిచి, తునకలను దాని మీద జిగురుతో నిలుపుతారు. కణాలు అక్కడే పెరుగుతాయి. 2012లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు రోగులు ఆరుగురే. 2016లో వెలువడిన 125 మంది ఫలితాల్లో 76 శాతం మందికి పైపొర నిలిచింది. రెండు కళ్లూ కాలినవాళ్లకు మాత్రం సొంత కంటి కణాలు దొరకవు, వాళ్ల బాధ ఇంకా తీరలేదు.

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటికి మూలకణాల ల్యాబ్ అక్కర్లేదు. కంట్లో సున్నం పడ్డ పిల్లలను తీసుకొస్తే చీటీ రాయకముందే సెలైన్ ధారతో కన్ను కడగాలి, పైరెప్ప మడిచి ఇరుక్కున్న సున్నం పలుకులు తీయాలి. ఇంట్లోనైతే బోరునీళ్లయినా సరే, వెంటనే కనీసం పావుగంట కడగాలి. చనుబాలూ ఆముదమూ ఆకుపసరూ పోస్తూ కూర్చుంటే ఆ కాస్త సమయంలోనే కన్ను పోతుంది. ఈ మాట ఆశా కార్యకర్తలతో ప్రతి ఇంటికీ చెప్పించాలి. పువ్వేసిన కళ్లలో మూలకణాల లోపాన్ని గుర్తుపట్టే వైద్యుడు జిల్లాలోనే ఉండాలి, అక్కడి నుంచి రోగిని నేరుగా హైదరాబాద్ పంపాలి.

మూలకణాల పేరు చెప్పి, పాలపళ్లు దాచుకోండి, రేపు పనికొస్తాయని చేసే ప్రచారాన్ని మాత్రం నమ్మవద్దు. వాటిలో మూలకణాలున్నాయని 2003లో తేలిన మాట నిజమే. అయినా బొడ్డుతాడు రక్తం తప్ప పళ్లలాంటివి బ్యాంకుల్లో దాచడానికి 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు.

ఇక ప్రభుత్వం సున్నాన్ని పలచటి ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మనివ్వకూడదు. పిల్లలు నొక్కినా చిట్లని, తేలిగ్గా తెరుచుకోని గట్టి డబ్బీల్లోనే అమ్మాలని ఉత్తర్వు ఇవ్వాలి.