మల్కాజ్‌గిరి చిన్న అపార్ట్‌మెంట్లకూ రెరా నంబర్ ఉండాల్సిందే

ఆనంద్‌బాగ్, మీర్జాల్‌గూడ, వినాయక్‌నగర్, సఫిల్‌గూడ. ఏ సందులోకి వెళ్లినా పాత ఇల్లు ఒకటి కూలుతూనో, దాని చోట గ్రీన్ నెట్ కట్టిన పిల్లర్లు లేస్తూనో కనిపిస్తాయి. రైల్వేలోనో, మిలిటరీ కొలువుల్లోనో పనిచేసి రిటైరైనవాళ్లు ముచ్చటపడి కట్టుకున్న ఇళ్లవి. పిల్లలు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో స్థిరపడ్డారు. మేడ మెట్లెక్కే ఓపిక వీళ్లకు లేదు. దాంతో స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చేస్తున్నారు. ఫ్లాట్లు బిల్డరుకూ యజమానికీ చెరిసగం. కొన్నాళ్లకు గేటుకు ఫ్లెక్సీ వేలాడుతుంది: టూ బీహెచ్‌కే, లిఫ్టు, కార్ పార్కింగు, బ్యాంకు లోను, ఫోన్ నంబరు.

రెరా నంబరు మాత్రం ఉండదు.

మల్కాజ్‌గిరికి గిరాకీ ఊరికే రాలేదు. 2007 ఏప్రిల్‌లో ఇక్కడి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2009లో తొలిసారి లోక్‌సభ ఎన్నిక జరిగిన ఈ నియోజకవర్గం ఓటర్ల సంఖ్యలో దేశంలోనే పెద్దదిగా పేరుపడింది. 2016 అక్టోబరులో జిల్లా పేరులోకీ ఎక్కింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ మొదలైంది. సికింద్రాబాద్ స్టేషనేమో కూతవేటు దూరం. గచ్చిబౌలిలో కొనే స్తోమత లేని మధ్యతరగతి జీవితకాలపు పొదుపును ఇక్కడ పెడుతోంది. ఆ పొదుపుకు కాపలా ఎవరన్నదే ప్రశ్న.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా లేదా ఫ్లాట్లు 8 మించకపోయినా ప్రాజెక్టును రిజిస్టర్ చేయాల్సిన పని లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. మల్కాజ్‌గిరి పాత కాలనీల్లో చేతులు మారేవి ఎక్కువగా 200 నుంచి 400 గజాల ప్లాట్లే. 400 గజాల్లో స్టిల్టు మీద నాలుగంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున వేస్తే సరిగ్గా 8 ఫ్లాట్లు! ఢిల్లీలో గీసిన గీతను చూసుకుని కొలిచి కట్టినట్టే ఉంటుంది.

గీతకు అవతల పెద్ద ప్రాజెక్టులో కొన్నవాళ్లకు చాలా రక్షణలున్నాయి. వాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి బ్యాంకు ఖాతాలో ఉండాలి, ఆ ప్రాజెక్టుకే ఖర్చు కావాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. ధర కార్పెట్ ఏరియా లెక్కన తేలాలి. ఇవతలివాళ్లకు చాలాసార్లు దక్కేది స్టాంపు పేపరు మీద అగ్రిమెంటే. మెట్లు, లిఫ్టు, కారిడారు అన్నీ కలిపేసిన ఎస్‌ఎఫ్‌టీ, ఎనిమిది కార్లని చెప్పి ఆరు కూడా పట్టని స్టిల్టు, ప్లానులో లేని పెంట్‌హౌస్. తేడా వస్తే వినియోగదారుల కమిషనుకో, సివిల్ కోర్టుకో వెళ్లి ఏళ్లూ పూళ్లూ తిరగాలి.

ఇంకో మెలిక ఉంది. 2012 నాటి 168వ జీవో ప్రకారం అపార్ట్‌మెంటు కట్టేవాళ్లు నిర్మాణంలో 10 శాతాన్ని కార్పొరేషనుకు తనఖా పెట్టాలి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ తనఖాలో ఉన్న ఫ్లాటు ఏదో కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే బయటపడే సంగతే. కానీ మార్బుల్ రంగు చూసినంత శ్రద్ధగా ఈసీ చూసేవాళ్లు ఎందరు?

చిన్న అపార్ట్‌మెంట్లనూ రెరా కిందికి తేవడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. రెరా చట్టం మూడో సెక్షనులోనే, అవసరమనుకుంటే రిజిస్ట్రేషన్ మినహాయింపు పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు. పశ్చిమ బెంగాల్ ఆ అధికారాన్ని వాడుకుని 200 చదరపు మీటర్లకు, 6 ఫ్లాట్లకు దించింది. కోల్‌కతా ఇరుకు ప్లాట్లకు పనికొచ్చే గీత మల్కాజ్‌గిరికి ఎందుకు పనికిరాదు?

చిన్న బిల్డర్లకు అభ్యంతరం ఉంది, అందులో న్యాయమూ లేకపోలేదు. మేస్త్రీగా మొదలై, బావమరిది దగ్గర అప్పు తెచ్చి నాలుగంతస్తులు లేపేవాడు మూణ్ణెల్లకోసారి ఆన్‌లైన్‌లో ప్రగతి నివేదికలు, ఆడిటరు సర్టిఫికెట్లు ఎక్కడ పెడతాడు? అలాంటివాళ్లకు ఫీజు నామమాత్రం చేయవచ్చు, ఫారం ఒక్క పేజీకి కుదించవచ్చు. 70 శాతం ఖాతా, కార్పెట్ ఏరియా, రిజిస్టర్డ్ అగ్రిమెంటు విషయంలో మాత్రం మినహాయింపు ఉండకూడదు. కొనేవాడు తెచ్చేదీ అప్పే, అదీ ఇరవై ఏళ్ల ఈఎంఐ.

అందుకే కాలనీ సంక్షేమ సంఘాలు వచ్చే సోమవారమే కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలి. పరిమితిని 200 చదరపు మీటర్లకు, 6 ఫ్లాట్లకు తగ్గిస్తూ ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలని, నిర్మాణ అనుమతి పత్రాన్నీ తనఖా ఫ్లాటు నంబరునూ సైటు గేటు మీదే పెద్ద అక్షరాల్లో రాయించాలని కోరాలి. నకలు ఎమ్మెల్యేకు, ఎంపీకి, రెరా కార్యాలయానికి పంపాలి. ఈలోగా సంఘం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించవచ్చు: తమ కాలనీలో కడుతున్న బిల్డింగులేవి, వాటిలో ప్లాను ప్రకారం ఎన్ని అంతస్తులు, లేచినవి ఎన్ని.