ఎదురు చెప్పే బిడ్డను ఎంతవరకు దండించాలి?
ఉమ్మడి అనంతపురం జిల్లా తల్లిదండ్రులకు విన్నపం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మనది. అదీ తప్పిన ఏడు శనక్కాయ చేతికి రాదు, అప్పు మాత్రం మిగులుతుంది. అమ్మానాయన బెంగళూరు బస్సెక్కుతారు, తొమ్మిదో తరగతి పిల్లోడు అవ్వ దగ్గర ఉండిపోతాడు. ఉగాదికి ఊరికొచ్చిన నాయన ఏదో అడిగితే, వాడు ఫోన్లోంచి తలెత్తకుండానే ‘నీకెందుకు?’ అంటాడు. నాయన బెల్టు తీస్తాడు. అదే మాట కూతురు అంటే బడి మాన్పించి సంబంధాలు వెతుకుతారు. పెద్దలకు ఎదురు చెప్పడం తప్పే, దాన్ని సరిదిద్దాల్సింది కన్నవాళ్లే. అయితే దానికీ ఒక హద్దుండాలి. బిడ్డ ఒళ్లు, తిండి, చదువు, నలుగురిలో పరువు: ఈ నాలుగింటి జోలికి ఏ శిక్షా పోకూడదన్నదే మా మాట.

కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను విచారించి 2007లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ఇంట్లో తిన్నవాళ్లలో నూటికి 88 మందికి పైగా కొట్టింది తల్లిదండ్రులే. ఇన్ని దెబ్బలతో పిల్లలు బాగుపడ్డారా? సుమారు 1,60,000 మంది పిల్లలపై యాభై ఏళ్లలో జరిగిన పరిశోధనలను 2016లో ఒకచోట చేర్చి చూస్తే, దెబ్బలు తిన్న పిల్లల్లో మొండితనం, కోపం, దిగులు ఎక్కువగా, కన్నవాళ్లతో చనువు తక్కువగా కనిపించాయి. ‘మొండి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా’ అని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ మొదట్లో ఎంత మొండితనం ఉందో లెక్కలోకి తీసుకుని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లోనూ, దెబ్బల తర్వాత అది పెరిగినట్టే తేలింది.

‘మేమూ దెబ్బలు తినే పెరిగాం, చెడిపోయామా?’ అంటారు. పెరిగింది దెబ్బల వల్ల కాదు, పస్తులుండి మరీ సాకిన కన్నవాళ్ల కష్టం వల్ల. ‘మా బిడ్డ, మా ఇష్టం’ అన్నా చట్టం ఒప్పుకోదు. మేలుకోరి చేశామని సంరక్షకులు చెప్పుకునే మినహాయింపు భారతీయ న్యాయ సంహితలో 12 ఏళ్ల లోపు పిల్లల విషయంలోనే ఉంది. తమ సంరక్షణలో ఉన్న బిడ్డను హింసిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. ఇక ‘ఆడపిల్ల చెయ్యి దాటకముందే పెళ్లి చేయాలి’ అన్న భయం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఎదురు చెప్పినందుకు పడే శిక్ష బతుకంతా మోయాల్సిందైతే అది క్రమశిక్షణ కాదు, అన్యాయం.

కొట్టకపోతే నెత్తికెక్కుతారంటారా? చూస్తూ ఊరుకోమని మేం చెప్పడం లేదు. ఫోన్ రీచార్జి ఆపండి, బండి తాళం తీసుకోండి, అవ్వను తిడితే అవ్వకే క్షమాపణ చెప్పించండి. పగలగొట్టిన వస్తువును దగ్గరుండి బాగు చేయించండి. శిక్ష ఎన్నాళ్లో ముందే చెప్పండి, చెప్పినన్నాళ్లకు ఎత్తేయండి. కోపం దిగాకే మాట్లాడండి, రచ్చకట్ట దగ్గర మాత్రం నిలబెట్టకండి. వలసలో ఉంటే రోజూ కాసేపు ఫోన్ చేయండి; మార్కులు అడిగేముందు తిన్నావా అని అడగండి.

ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. 2025 జూలై 10న కొత్తచెరువు ఉన్నత పాఠశాలలో ముఖ్యమంత్రే వచ్చి తల్లిదండ్రుల మెగా సమావేశంలో కూర్చున్నారు. అలాంటి ప్రతి సమావేశంలోనూ మార్కులతో పాటు పిల్లల్ని దండించే తీరూ చర్చకు రావాలి. వలస వెళ్లినవాళ్లు రాగలిగేలా పండగ రోజుల్లో ఇంకొకటి పెట్టాలి. ‘మా ఊళ్లో బిడ్డను కొట్టం, బడి మాన్పించం, 18 నిండకుండా పెళ్లి చేయం’ అని ప్రతి గ్రామసభ తీర్మానం చేయాలి. హద్దు దాటిన ఇల్లు కంటపడితే 1098కి ఫోన్ చేయండి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టమని మీ సర్పంచిని ఈ వారమే అడగండి.